మందు ఆపమని చెప్పడానికి మూడేళ్ల ట్రైనింగ్

మందు రాయడానికి డాక్టర్ కావాలి. మరి రాసిన మందు ఆపడానికి? దానికి ఇంకా ఎక్కువ చదివిన డాక్టర్ కావాలి. జోక్ కాదండీ. పెద్ద పెద్ద పిల్లల ఆస్పత్రుల్లో ఈ పని కోసమే స్పెషలిస్టులు ఉంటారు. వాళ్ల బ్రాంచి పేరు పీడియాట్రిక్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్. అంత పొడుగు పేరు పలకలేక అమెరికాలో అందరూ 'పీడ్స్ ఐడీ' అనేస్తారు. ఈ వారం మనమూ అలాగే అనుకుందాం.

ఐడీ అనగానే మనకు లాగిన్ ఐడీనో, మెడలో వేలాడే ఆఫీస్ ఐడీనో గుర్తొస్తుంది. వాళ్లకు ఐడీ అంటే ఇన్ఫెక్షన్. బ్యాక్టీరియా, వైరస్, ఫంగస్, పరాన్నజీవి... పసిపిల్లల ఒంట్లోకి ఏది దూరినా, 'ఇది ఫలానాది' అని పట్టుకోవాల్సింది వీళ్లే.

అమెరికాలో పీడియాట్రిక్స్ పూర్తిచేసిన డాక్టర్లు పై ట్రైనింగ్ కోసం మ్యాచ్ అనే పద్ధతిలో సీటు తెచ్చుకుంటారు. మన కౌన్సెలింగ్ లాంటిదే. ఏ సబ్జెక్టులో ఎన్ని సీట్లు నిండాయో ప్రతి ఏడాది చివర్లో తెలిసిపోతుంది. కొన్నేళ్లుగా పీడ్స్ ఐడీలో దాదాపు సగం సీట్లు ఖాళీగానే ఉండిపోతున్నాయి.

మన దగ్గర ఏ కోర్సులోనైనా సీట్లు మిగిలితే దానికి డిమాండ్ లేదనుకుంటాం. ఇక్కడ వ్యవహారం తిరగబడింది. పని కుప్పలు తెప్పలుగా ఉంది. చేసేవాళ్లు రావట్లేదు. ఎందుకో చూద్దాం.

ముందు చదువు లెక్క

అమెరికాలో పుట్టి పెరిగినవాళ్లకు కాలేజీ నాలుగేళ్లు, మెడికల్ స్కూల్ నాలుగేళ్లు, పీడియాట్రిక్స్ రెసిడెన్సీ మూడేళ్లు, ఆ పైన ఐడీ ఫెలోషిప్ మూడేళ్లు. మొత్తం 14 ఏళ్లు. ఇంటర్ తర్వాత మనం బీటెక్ చేసి, ఉద్యోగంలో చేరి, రెండు కంపెనీలు మారి, హోమ్ లోన్ కూడా మొదలెట్టేసే టైమ్ అది.

మన ఊళ్ల నుంచి వెళ్లేవాళ్ల దారి ఇంకాస్త చుట్టు. ఎంబీబీఎస్ హౌస్ సర్జన్సీతో కలిపి ఐదున్నరేళ్లు. ఆ తర్వాత యూఎస్ఎంఎల్ఈ పరీక్షలు. ఇక్కడ ఎండీ పీడియాట్రిక్స్ చేసినా, మామూలుగా అక్కడ రెసిడెన్సీ మళ్లీ మొదటి నుంచీ చేయాల్సిందే. దాని తర్వాతే ఫెలోషిప్. చాలామంది జే-1 వీసా మీద వెళ్తారు. ట్రైనింగ్ అయ్యాక రెండేళ్లు సొంత దేశానికి తిరిగి రావాలి, లేదంటే డాక్టర్లు తక్కువున్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తానని ఒప్పుకుని మినహాయింపు తెచ్చుకోవాలి.

ఇంతకీ ఆ మూడేళ్లలో ఏం నేర్పిస్తారు?

డీబగ్గింగే... కానీ రీస్టార్ట్ బటన్ ఉండదు

మొదటి ఏడాది ఎక్కువగా కన్సల్ట్‌లే. క్యాన్సర్ వార్డులో ఒక బాబుకి జ్వరం తగ్గట్లేదు. గుండె ఆపరేషన్ అయిన పాప కుట్టు దగ్గర ఎర్రబడింది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ రక్తంలో ఫంగస్ కనిపించింది. అక్కడి డాక్టర్లు 'ఒకసారి వచ్చి చూడండి' అంటారు. ఫెలో వెళ్తాడు. చూస్తాడు. అడుగుతాడు. మళ్లీ అడుగుతాడు.

ఈ అడగడమే అసలు విద్య. ప్రొడక్షన్‌లో ఏదైనా పడిపోతే మా టీమ్‌లో అందరూ ముందు చెప్పే మాట ఒకటే: 'నేనేం మార్చలేదు, నిన్నటి దాకా బానే ఉంది.' లాగ్స్ తీసి చూస్తే నిన్న రాత్రి పదకొండింటికి ఎవరో ఏదో మార్చి ఉంటారు. పిల్లల జ్వరం కథ కూడా ఇంతే. 'ఎక్కడికీ వెళ్లలేదండీ, బయటిది ఏమీ తినలేదండీ' అంటారు అమ్మానాన్నలు. అబద్ధం చెప్పాలని కాదు. ఏది ముఖ్యమో వాళ్లకు తెలీదు, అంతే.

అందుకే ఐడీ ఫెలో అడిగే ప్రశ్నలు విచిత్రంగా ఉంటాయి. ఇంట్లో పిల్లిపిల్ల ఉందా? గీరిందా? బార్టొనెల్లా హెన్సెలే అనే బ్యాక్టీరియా పిల్లి గీరుడుతో వచ్చి, గ్రంథులు వాచేలా చేస్తుంది. ఒక్కోసారి వారాల తరబడి జ్వరం కూడా. కాచని పాలు తాగాడా? బ్రూసెల్లా అయ్యుండొచ్చు. తాతగారికి దగ్గు ఎన్నాళ్ల నుంచి ఉంది? చిన్నపిల్లలకు టీబీ సాధారణంగా ఇంట్లోని పెద్దవాళ్ల నుంచే వస్తుంది. కాబట్టి పిల్లాడి జబ్బుకు జవాబు ఒక్కోసారి తాతగారి ఎక్స్‌రేలో దొరుకుతుంది.

మన తెలుగు నేల మీద ఇదే ప్రశ్న ఇంకోలా ఉంటుంది: పొలం గట్ల మీద, పొదల్లో ఆడుకున్నాడా? స్క్రబ్ టైఫస్ అని ఒక జ్వరం ఉంది. కంటికి సరిగ్గా కనిపించనంత చిన్న పురుగు కుట్టడం వల్ల వస్తుంది. కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు కడుతుంది. అది ఎక్కడ పడితే అక్కడ ఉండదు. చంకలో, గజ్జల్లో, చెవి వెనకాల దాక్కుంటుంది. చొక్కా విప్పించి ఒళ్లంతా చూడకపోతే తెలీదు. అలవాటుగా ఇచ్చే అమాక్సిసిలిన్, సెఫ్ట్రియాక్సోన్ లాంటివి దీని మీద పనిచేయవు. డాక్సీసైక్లిన్ అనే పాత, చవక మందు ఇస్తే చాలామందికి ఒకట్రెండు రోజుల్లోనే జ్వరం దిగిపోతుంది. అంటే ఇక్కడ ప్రాణం కాపాడింది ఖరీదైన మందు కాదు. చంక ఎత్తి చూసిన డాక్టర్.

ఇంకో చిక్కు ఏంటంటే, ఇన్ఫెక్షన్‌లా కనిపించేదల్లా ఇన్ఫెక్షన్ కాదు. ఐదు రోజుల జ్వరం, ఎర్రటి కళ్లు, పగిలిన పెదాలు, స్ట్రాబెర్రీలా ఎర్రబడ్డ నాలుక. ఇది కవాసాకి జబ్బు కావచ్చు. జపాన్ పిల్లల డాక్టర్ తోమిసాకు కవాసాకి 1967లో దీని గురించి మొదట రాశారు. యాంటీబయాటిక్‌తో దీనికి ఉపయోగం లేదు. వైద్యం చేయకుండా వదిలేస్తే నలుగురిలో ఒకరికి దాకా గుండె రక్తనాళాలు ఉబ్బుతాయి. మొదటి పది రోజుల్లో ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కిస్తే ఆ ముప్పు బాగా తగ్గుతుంది. ఇక్కడ గడియారంతో పోటీ.

వార్డులతో పాటు ల్యాబ్‌లో కూడా కూర్చోబెడతారు. హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో చెప్పిన రంగు అద్దే పద్ధతిని ఇప్పటికీ చేత్తో చేసి నేర్చుకోవాలి. ఊదా రంగులో కనిపిస్తే ఒక జాతి, గులాబీ రంగులో కనిపిస్తే ఇంకో జాతి. బ్లడ్ కల్చర్ సీసాలో సూక్ష్మజీవి పెరగడానికి సాధారణంగా ఒకట్రెండు రోజులు పడుతుంది. అందుకే మొదటి డోస్ యాంటీబయాటిక్ కంటే ముందే రక్తం తీయాలంటారు. మందు ముందు పడితే సీసాలో ఏమీ పెరగకపోవచ్చు. లాగ్ ఫైల్ డిలీట్ చేసేసి బగ్ వెతకమన్నట్టు ఉంటుంది అప్పుడు.

రెండో ఏడాది, మూడో ఏడాది ఎక్కువ భాగం పరిశోధన. వ్యాక్సిన్ ట్రయల్స్ మీద పనిచేసేవాళ్లు కొందరు, బ్యాక్టీరియా జన్యువులు చదివేవాళ్లు కొందరు, ఆస్పత్రి డేటా మీద కోడ్ రాసేవాళ్లు కొందరు. ఆఖర్లో బోర్డు పరీక్ష.

అడ్మిన్ యాక్సెస్ అందరికీ ఇస్తారా?

ఇప్పుడు టైటిల్‌లో చెప్పిన సంగతికి వద్దాం. వీళ్ల ట్రైనింగ్‌లో ఒక పెద్ద ముక్క పేరు యాంటీబయాటిక్ స్టివార్డ్‌షిప్. మన మాటల్లో చెప్పాలంటే, మందుల కాపలా.

ఆఫీసులో కొత్తగా చేరిన ఇంటర్న్‌కి ప్రొడక్షన్ అడ్మిన్ యాక్సెస్ ఇస్తారా? ఇవ్వరు. పనికి ఎంత కావాలో అంతే ఇస్తారు. యాంటీబయాటిక్స్‌కీ అదే రూల్. జబ్బు ఏంటో తెలియనప్పుడు, బిడ్డ సీరియస్‌గా ఉన్నప్పుడు, అన్నిటినీ కొట్టే పెద్ద మందుతో మొదలుపెట్టడం తప్పు కాదు. రెండ్రోజుల్లో కల్చర్ రిపోర్ట్ వచ్చాక కూడా దాన్నే నడిపించడం తప్పు. అప్పుడు ఆ ఒక్క సూక్ష్మజీవికి సరిపోయే చిన్న మందుకి దిగాలి. ఇన్ఫెక్షన్ లేదని తేలితే ఆపేయాలి.

చెప్పినంత ఈజీ కాదు. ఐసీయూలో బిడ్డ, బయట ఏడుస్తున్న తల్లి, భయపడుతున్న సర్జన్. వాళ్ల మధ్యకు వెళ్లి 'ఈ మందు అవసరం లేదు' అని చెప్పాలంటే చదువుతో పాటు గుండె ధైర్యం కావాలి, మాట తీరూ కావాలి. కొలరాడో పిల్లల ఆస్పత్రిలో దీనికి 'హ్యాండ్‌షేక్ స్టివార్డ్‌షిప్' అనే పద్ధతి తెచ్చారు. ఫోన్‌లో వద్దనడం, కంప్యూటర్‌లో ఆర్డర్ బ్లాక్ చేయడం కాకుండా, ఐడీ డాక్టరూ ఫార్మసిస్టూ కలిసి వార్డుకి నడిచి వెళ్లి, ఎదురుగా నిలబడి మాట్లాడతారు. అక్కడ యాంటీబయాటిక్ వాడకం తగ్గింది. ఆ పద్ధతిని వేరే ఆస్పత్రులూ తీసుకున్నాయి.

ఇంత కాపలా ఎందుకంటే, 2019 ఒక్క ఏడాదిలో ప్రపంచం మొత్తం మీద మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా పోయిన ప్రాణాలు సుమారు 12.7 లక్షలని 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కకట్టింది. మన దేశంలో ఢిల్లీలోని మూడు పెద్ద ఆస్పత్రుల్లో పుట్టిన శిశువుల మీద జరిగిన అధ్యయనం 2016లో వచ్చింది. అప్పుడే పుట్టిన బిడ్డల రక్తంలో దొరికిన బ్యాక్టీరియాలో చాలావరకు ఒకేసారి అనేక మందులకు లొంగనివి. కళ్లు తెరిచి ఒక్క మాత్ర మింగని పసికందుకి, ఊరందరూ మింగిన మాత్రల బిల్లు వచ్చిందన్నమాట.

మరి సీట్లు ఎందుకు మిగులుతున్నాయి?

అమెరికాలో పిల్లల డాక్టరుగా పనిచేస్తున్న మా పెద్దమ్మ కూతుర్ని ఇదే అడిగాను.

"అక్కా, నీకు చిన్నప్పట్నుంచీ డిటెక్టివ్ కథల పిచ్చి కదా. ఐడీ ఎందుకు చేయలేదు?"

"ఇష్టం లేక కాదురా. ఇంకో మూడేళ్లు ట్రైనింగ్ జీతం మీద బతకాలి. అది అయ్యాక ఇప్పుడొచ్చే దానికంటే తక్కువ రావచ్చు. మీ బావ ఒక్కడి మీద ఇల్లు ఎన్నాళ్లు నడుస్తుంది చెప్పు?"

"ఎక్కువ చదివితే తక్కువ జీతమా? ఇదెక్కడి లెక్క అక్కా?"

"చేత్తో చేసే పనికి డబ్బులిస్తారు రా ఇక్కడ. ఆలోచించే పనికి కాదు."

అక్క మాట కోపంలో అన్నది కాదు. పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో 2021లో వచ్చిన అధ్యయనం జీవితకాల సంపాదన లెక్కలు వేసింది. నవజాత శిశువుల ఐసీయూ, గుండె, ఎమర్జెన్సీ లాంటి కొన్ని బ్రాంచీలు చదివితే ఆర్థికంగా లాభం. ఐడీ లాంటి ఇంకొన్నిటిలో మాత్రం, అసలు ఫెలోషిప్ చేయకుండా మామూలు పిల్లల డాక్టరుగా ఉండిపోయినవాళ్ల కంటే జీవితకాలంలో తక్కువే మిగులుతుంది. అక్కడ మెడికల్ స్టూడెంట్‌కి డిగ్రీ చేతికొచ్చేసరికి అప్పు రెండు లక్షల డాలర్ల దగ్గర ఉండటం మామూలే. ఆ అప్పు నెత్తిన పెట్టుకుని, ఇంకో మూడేళ్లు చదివి, తక్కువ సంపాదించమంటే ఎంతమంది ముందుకొస్తారు?

కారణం సింపుల్. అక్కడ బిల్లింగ్ పద్ధతి ప్రొసీజర్ చుట్టూ తిరుగుతుంది. గొట్టం వేస్తే కోడ్ ఉంది, రేటు ఉంది. గంటసేపు కూర్చుని పిల్లిపిల్ల గురించి అడిగితే? చాలా తక్కువ. మందు ఆపించి బిడ్డ కిడ్నీలు కాపాడితే? దానికి బిల్లే ఉండదు.

మా ఫీల్డ్‌లో సిస్టమ్స్ కాపాడే టీమ్స్‌దీ ఇదే బాధ. కొత్త ఫీచర్ చేసినవాడికి చప్పట్లు. ఏడాదంతా సైట్ పడిపోకుండా చూసినవాడిని అప్రైజల్‌లో 'మరి నువ్వేం చేశావ్?' అంటారు. ఏమీ జరగలేదు సార్, అదే నేను చేసింది... అని రాయడానికి ఫారంలో గడి ఉండదు. తేడా ఏంటంటే, మా సైట్ పడితే ఒక గంట ఆర్డర్లు ఆగుతాయి. అక్కడ ఆగేది వేరు.

ప్రభుత్వం ఏం చేయలేదా అంటే, చేసింది. కొంచెం. పిల్లల స్పెషలిస్టులు డాక్టర్లు తక్కువున్న చోట మూడేళ్లు పనిచేస్తే లక్ష డాలర్ల దాకా చదువు అప్పు తీర్చే స్కీమ్ పెట్టారు. 2010 నాటి చట్టంలోనే అది ఉంది. డబ్బు కేటాయించింది మాత్రం 2022లో. పన్నెండేళ్లు కాగితం మీదే నడిచిన స్కీమ్. ఈ విషయంలో మనమే కాదు, వాళ్లూ మనలాంటివాళ్లే.

గెలిచినందుకు వచ్చిన తిప్పలు

ఈ బ్రాంచికి ఇంకో విచిత్రమైన సమస్య ఉంది. తన పని తాను బాగా చేసుకోవడమే దాని సమస్య.

1980ల్లో అమెరికాలో హిబ్ అనే బ్యాక్టీరియా ఏటా సుమారు 20 వేల మంది ఐదేళ్లలోపు పిల్లల్ని మెనింజైటిస్ లాంటి తీవ్రమైన జబ్బుల పాలు చేసేది. వ్యాక్సిన్ వచ్చాక అది 99 శాతానికి పైగా తగ్గింది. ఇవాళ మీకు 'హిబ్' అన్న మాటే కొత్తగా అనిపిస్తే, అదే ఆ వ్యాక్సిన్ గెలుపు. అసలు ఈ పేరు మన దగ్గర కూడా పిల్లలకు ఉచితంగా వేసే పెంటావాలెంట్ టీకాలో ఉంది.

కంటికి కనిపించని జబ్బంటే జనానికి భయం పోతుంది. భయం పోతే టీకా మీద శ్రద్ధ పోతుంది. అమెరికాలో తట్టు జబ్బు నిర్మూలన అయిపోయిందని 2000లో ప్రకటించారు. 2025లో పశ్చిమ టెక్సస్‌లో టీకాలు తక్కువ వేయించుకున్న ప్రాంతంలో అది మళ్లీ అంటుకుంది. ఆ రాష్ట్రంలో 700 మందికి పైగా సోకింది. ఇద్దరు పిల్లలు చనిపోయారు. చాలామంది యువ డాక్టర్లు తట్టుని అప్పటిదాకా పుస్తకంలో ఫొటోగానే చూశారు.

ఇలాంటప్పుడే ఐడీ మనిషి కావాలి. ఆ మచ్చల్ని చూసి వెంటనే గుర్తుపట్టాలి, ఏ పేషెంట్‌ని విడిగా ఉంచాలో చెప్పాలి, ఎవరికి టీకా, ఎవరికి ఇమ్యునోగ్లోబ్యులిన్ అని తేల్చాలి. కానీ ఈ స్పెషలిస్టులు ఎక్కువగా పెద్ద నగరాల పెద్ద ఆస్పత్రుల్లోనే ఉంటారు. సగం సీట్లు ఖాళీ అయితే ముందు చేరనిది చిన్న ఊళ్లకే. ఇప్పుడు నిండని సీటు ఖరీదు ఇప్పుడు తెలీదు. పదేళ్ల తర్వాత ఒక రాత్రి, ఏదో ఊళ్లో, పేరు తెలియని జ్వరంతో వచ్చిన పాప దగ్గర తెలుస్తుంది.

మన దగ్గర సంగతి

మన దేశంలో ఎండీ పీడియాట్రిక్స్ తర్వాత పిల్లల ఇన్ఫెక్షన్ల మీద ప్రత్యేక ఫెలోషిప్ చేసే వీలుంది. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్లకు దీనికోసం ప్రత్యేక విభాగమే ఉంది. ఢిల్లీ ఎయిమ్స్, వెల్లూరు సీఎంసీ లాంటి చోట్ల ఇన్ఫెక్షియస్ డిసీజెస్‌లో డీఎం ఉంది. కానీ మన జనాభా ముందు ఆ సీట్లు పిడికెడు. కాబట్టి మన వీధి చివర క్లినిక్ డాక్టరే మనకు ఐడీ డాక్టర్. మెడికల్ షాపు కుర్రాడిని ఆ కుర్చీలో కూర్చోబెట్టకుండా ఉండటం మన వంతు.

బలమైన యాంటీబయాటిక్స్ చాలావాటిని 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1లో పెట్టారు. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే రిజిస్టర్‌లో రాయాలి. స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే డాక్టర్ చెప్పకుండా వాడకూడదని 2016లో ప్రచారం కూడా చేశారు. ఇంట్లో మందుల డబ్బా తీసి చూడండి. ఆ ఎర్ర గీత స్ట్రిప్ ఒకటి, సగం వాడి వదిలేసింది, కచ్చితంగా దొరుకుతుంది.

మీకు ఇంకా పెళ్లి కాకపోవచ్చు. అయినా ఇంట్లో అక్క పిల్లలో, అన్న పిల్లలో ఉంటారు. అర్ధరాత్రి జ్వరం వస్తే గూగుల్ చేసేది మీరే కదా. అందుకే నాలుగు ముక్కలు గుర్తుంచుకోండి.

ఒకటి, ఫోన్ నోట్స్‌లో రాయండి. జ్వరం ఏ రోజు మొదలైంది, ఎంత ఉంది, ఏ మందు ఎన్నింటికి ఇచ్చారు. డాక్టర్‌కి మీరిచ్చే లాగ్ ఫైల్ అదే.

రెండు, మందు డోస్ పిల్లల బరువును బట్టి ఉంటుంది. పారాసెటమాల్ సిరప్ 5 ఎంఎల్‌కి 120 మిల్లీగ్రాములదీ ఉంది, 250దీ ఉంది. సీసా మారితే అదే కొలతలో డోస్ డబుల్ అవుతుంది. డ్రాప్స్ అయితే ఒక్క ఎంఎల్‌లోనే 100 మిల్లీగ్రాములు. సీసా మీద చదవకుండా పోయొద్దు.

మూడు, మూడు నెలలలోపు బిడ్డకు 100.4 ఫారెన్‌హీట్ దాటితే ఎదురుచూడొద్దు, ఇంట్లో వైద్యం వద్దు. అర్ధరాత్రయినా ఆస్పత్రికే.

నాలుగు, డాక్టర్ 'ఇది వైరల్, యాంటీబయాటిక్ అక్కర్లేదు' అంటే, ఆయనకు ఏమీ తెలీదని ఇంకో డాక్టర్ దగ్గరికి పరిగెత్తొద్దు. 'ఏం కనిపిస్తే మళ్లీ తీసుకురావాలి?' అని అడిగి రాసుకోండి. మందు రాసి పంపేయడం ఆయనకు రెండు నిమిషాల పని. రాయకుండా మీకు అర్థమయ్యేలా చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలకు అక్కడా ఇక్కడా ఎవరూ విడిగా ఫీజు ఇవ్వట్లేదు. కనీసం ఒక థాంక్స్ అయినా చెప్పి రండి.